ఎండిన మూత్రపిండమా, మునిగిన మూత్రపిండమా?

సభకు నమస్కారం.

పిల్లల వార్డుల్లో రాత్రింబగళ్లు పనిచేసే యువ వైద్యులూ, నర్సులూ, గుండెజబ్బు ఉన్న బిడ్డలను కంటికి రెప్పలా కాచుకుంటున్న తల్లిదండ్రులూ ఒకే హాలులో కూర్చున్న సభ ఇది. అందువల్ల వీలైనంతవరకు అందరికీ అందే మాటల్లోనే మాట్లాడతాను. వైద్యభాషలోని పదం వాడక తప్పని చోట, ఆ పదం వెనుక శరీరంలో ఏం జరుగుతున్నదో కూడా చెబుతాను.

గుండె వైఫల్యంతో చేరిన పిల్లవాడి గురించి రాత్రి డ్యూటీ నర్సు నుంచి తరచుగా వచ్చే కబురు ఒకటి ఉంది. "సార్, బాబుకు సాయంత్రం నుంచి మూత్రం సరిగా రావడం లేదు." ఈ మాట విన్న వైద్యుడి మనసులో రెండు మూత్రపిండాలు మెదలాలి. ఒకటి, నీరు చాలక ఎండిపోతున్న మూత్రపిండం. రెండోది, బయటికి పోవలసిన రక్తం పోలేక నిలిచిపోవడంతో ఉబ్బి మునిగిపోయిన మూత్రపిండం. రెండింటిలోనూ మూత్రం తగ్గుతుంది, రెండింటిలోనూ రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరుగుతుంది, రెండింటిలోనూ బిడ్డ చేతులు చల్లబడవచ్చు. కానీ మొదటిదానికి ప్రాణం పోసే సెలైన్ రెండోదానికి ప్రాణం మీదికి తెస్తుంది; రెండోదానికి మేలుచేసే మూత్రం మందు మొదటిదాన్ని మరింత ఎండగడుతుంది. ఈ రెండింటినీ మంచం పక్కన నిలబడి వేరుచేయడం ఎలా అన్నదే ఈనాటి నా ప్రసంగ విషయం.

నేను శిక్షణలో ఉన్న రోజుల్లో తొమ్మిదేళ్ల పాపను మా వార్డులో చేర్చారు. పది రోజులుగా కడుపునొప్పి, తిన్నది ఇమడకపోవడం, వాంతులు. అప్పటికే రెండుచోట్ల కడుపులో మంటకు మందులు వాడి వచ్చారు. నాడి వేగంగా ఉంది, చేతులు చల్లగా ఉన్నాయి, పొద్దుటినుంచి మూత్రం ఒక్కసారే, అదీ కొద్దిగా, చిక్కని రంగులో వచ్చిందని తల్లి చెప్పింది. ఇన్ని వాంతులైన బిడ్డకు ఒంట్లో నీరు తగ్గి ఉంటుందని నేను తీర్మానించుకుని సెలైన్ వేగంగా ఎక్కించమన్నాను. గంట తిరగకముందే పాప పడుకోలేక లేచి కూర్చుంది, మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నది. మా పెద్ద డాక్టరుగారు వచ్చి, ఏమీ అడగకుండా నా చేతిని తీసుకుని పాప కుడి పక్కటెముకల కింద పెట్టారు. నాలుగు వేళ్ల వెడల్పున కాలేయం గట్టిగా తగిలింది. మెడ మీద సిర చెవి దాకా ఉబ్బి ఉంది. ఎకో తీస్తే గుండెలో ఒంటికి రక్తాన్ని తోసే గది, ఎడమ జఠరిక, సాగిపోయి, బలం లేకుండా ముడుచుకుంటున్నది. సెలైన్ ఆపి, ఫ్యూరోసమైడ్ అనే మూత్రం మందు నరానికి ఇచ్చి, గుండె కండరానికి దన్నుగా మిల్రినోన్‌ను తక్కువ మోతాదులో మొదలుపెట్టాక, తెల్లవారేసరికి మూత్రం సంచి నిండింది. చేరిననాడు 1.3 ఉన్న క్రియాటినిన్ ఐదో రోజుకు 0.6కు దిగింది. ఆ పాప మూత్రపిండాలు ఎండిపోలేదు, మునిగిపోయాయి. మునిగినదాని మీద నేను ఇంకా నీళ్లు పోశాను. ఆ తరువాత ఇన్నేళ్లలో, కాలేయం మీద చేయి వేసి చూడకుండా నేను ఏ బిడ్డకూ సెలైన్ రాయలేదు.

పెద్దపిల్లల్లో గుండె వైఫల్యం ఆయాసంగా కాకుండా కడుపునొప్పిగా, వాంతులుగా బయటపడటం అరుదు కాదని ఇక్కడే చెప్పాలి. కాలేయమూ పేగులూ రక్తంతో ఉబ్బడమే అందుకు కారణం. చంటిపిల్లల్లోనైతే పాలు తాగుతూ తాగుతూ అలసి వదిలేయడం, తాగేటప్పుడు నుదుటిమీద చెమట పట్టడం, పక్కలెగరేయడం, బరువు పెరగకపోవడం కనిపిస్తాయి. పెద్దవాళ్లలో లాగా కాళ్ల వాపు కోసం ఎదురుచూస్తే చంటిబిడ్డలో చాలా ఆలస్యమవుతుంది.

ఇప్పుడు మూత్రపిండం దగ్గరికి వద్దాం. ఎదిగిన మనిషి బరువులో రెండు మూత్రపిండాలూ కలిపి అర శాతమైనా ఉండవు. అయినా గుండె పంపే రక్తంలో సుమారు ఐదో వంతు వాటి గుండానే పోతుంది. అంత రక్తం వాటి ఆకలి తీర్చుకోవడానికి కాదు, వడపోయడానికి. వడపోత జరగాలంటే వచ్చే వైపు ఒత్తిడి ఎక్కువగా, పోయే వైపు ఒత్తిడి తక్కువగా ఉండాలి. మనం మామూలుగా వచ్చే వైపు గురించే ఆలోచిస్తాం. గుండె బలహీనపడింది, రక్తం తక్కువగా వస్తోంది, అందుకే మూత్రం తగ్గింది అని చెప్పుకుంటాం. అది నిజమే కానీ సగం నిజం. మూత్రపిండం నుంచి బయటికి పోయే సిరలో ఒత్తిడి పెరిగితే, లోపలికి వచ్చే రక్తంలో లోపం లేకపోయినా మూత్రం తగ్గిపోతుందని ఫ్రాంక్ వింటన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1931లోనే, శరీరం నుంచి వేరుచేసిన కుక్క మూత్రపిండం మీద ప్రయోగం చేసి చూపించాడు. ఆ తరువాత దశాబ్దాలపాటు వైద్యులు ఆ సంగతిని పక్కన పెట్టి, ముందువైపు ప్రవాహాన్నే పట్టుకు కూర్చున్నారు. పెద్దల గుండె వైఫల్యంలో సిరల ఒత్తిడే మూత్రపిండాన్ని ఎక్కువగా దెబ్బతీస్తున్నదని ఈ శతాబ్దపు తొలి దశకంలో మళ్లీ గట్టిగా తేలింది.

ఒక చిన్న లెక్క చూడండి. రెండు నెలల బిడ్డలో సగటు రక్తపోటు 50 మిల్లీమీటర్లు, గుండెకు తిరిగివచ్చే పెద్ద సిరలో ఒత్తిడి 5 అనుకుందాం. మూత్రపిండం గుండా రక్తాన్ని తోసే ఒత్తిడి 45. ఇప్పుడు గుండె బలహీనపడి రక్తపోటు 45కు తగ్గింది, సిరలో ఒత్తిడి 18కి పెరిగింది. తోసే ఒత్తిడి 27 మాత్రమే మిగిలింది. మానిటర్ మీద బీపీ ఒకటే చూసేవారికి 5 మిల్లీమీటర్ల తేడానే కనబడుతుంది. మూత్రపిండం మాత్రం 18 మిల్లీమీటర్లు పోగొట్టుకుంది. పెద్దవాళ్లలో సగటు రక్తపోటు 80, 90 ఉంటుంది కాబట్టి సిరలో 10, 15 పెరిగినా కొంత ఓర్చుకోగలరు. పసిబిడ్డకు అసలు మూలధనమే తక్కువ. అందులోంచి అంత ఖర్చయితే మిగిలేది ఏమీ ఉండదు. పైగా మూత్రపిండం చుట్టూ బిగుతైన పొర ఉంటుంది, అది సాగదు. లోపల వాపు వచ్చినప్పుడు వడపోత గుచ్ఛాలూ సన్నని నాళికలూ ఆ పొర మధ్య నలిగిపోతాయి. పొట్టలో నీరు చేరితే ఆ ఒత్తిడి కూడా తోడవుతుంది. పొట్టలోని నీరు కొంత తీసేసిన కొద్ది గంటలకే మూత్రం రావడం మొదలైన పిల్లలను నేను చూశాను.

ఇంతటితో ఆగితే ఇంత చిక్కు ఉండేది కాదు. మూత్రపిండానికి తనకు అందే రక్తం తగ్గిందని తెలుస్తుంది కానీ, ఎందుకు తగ్గిందో తెలియదు. రక్తం పోయినా, విరేచనాలైనా, గుండె బలహీనపడినా దానికి ఒకటే కబురు అందుతుంది, అది ఒకటే జవాబు ఇస్తుంది. రెనిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి విడుదల చేస్తుంది. దానివల్ల యాంజియోటెన్సిన్ తయారై రక్తనాళాలను బిగిస్తుంది. ఆల్డోస్టెరోన్ ఉప్పును పట్టి ఉంచుతుంది. మెదడు నుంచి వచ్చే మరో హార్మోను నీటిని పట్టి ఉంచుతుంది. విరేచనాలతో నీరు పోయిన బిడ్డను ఈ జవాబే కాపాడుతుంది. గుండె వైఫల్యం ఉన్న బిడ్డలో ఇదే జవాబు ఇప్పటికే నిండి ఉన్న సిరలను ఇంకా నింపుతుంది, సిరల ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, మూత్రం ఇంకా తగ్గుతుంది. ఈ బిడ్డల రక్తంలో సోడియం తగ్గినట్టు రిపోర్టు వస్తే ఒంట్లో ఉప్పు తక్కువైందని అనుకోకండి. ఉప్పు ఎక్కువే ఉంది. దానికంటే నీరు ఇంకా ఎక్కువ చేరి పలచబడింది.

గుండె, మూత్రపిండం ఒకదాన్ని ఒకటి దెబ్బతీసే ఈ స్థితిని మూత్రపిండ వైద్యుడు క్లాడియో రాంకో 2008లో ఐదు రకాలుగా విభజించారు. ఏది ముందు చెడింది, హఠాత్తుగానా నెమ్మదిగానా అన్నది ఆ విభజనకు ఆధారం. పుస్తకంలో ఐదూ విడివిడిగా కనిపిస్తాయి. పిల్లల్లో మాత్రం అవి కలగాపులగంగానే ఎదురవుతాయని నా అనుభవం. అయినా అందులోని మూడో రకాన్ని, అంటే మూత్రపిండం ముందు చెడి గుండెను ముంచడాన్ని, పిల్లల వైద్యులు తప్పక గుర్తుంచుకోవాలి. గొంతునొప్పో చర్మం మీద పుండ్లో వచ్చిన కొన్ని వారాలకు ముఖం ఉబ్బి, మూత్రం ముదురు గోధుమరంగులో వచ్చి, బీపీ బాగా పెరిగి, ఆయాసంతో వచ్చే బడిపిల్లవాడిలో గుండె కండరం బాగానే ఉండవచ్చు. వడపోత గుచ్ఛాలు వాచి, ఉప్పూ నీరూ పోలేక ఊపిరితిత్తులు నిండి ఉంటాయి. ఆ బిడ్డకు కావలసింది గుండెను బలపరిచే మందు కాదు. నీటిని దించడం, బీపీని దించడం.

పిల్లల మూత్రపిండం పెద్దవారి మూత్రపిండానికి చిన్న నమూనా కాదు. తల్లి గర్భంలో 34 నుంచి 36 వారాల వరకు వడపోత గుచ్ఛాలు తయారవుతూనే ఉంటాయి, ఆ తరువాత కొత్తవి పుట్టవు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు అవి తక్కువగా ఉంటాయి. ఆ లోటు జీవితాంతం ఉంటుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డలోనూ తొలి రోజుల్లో వడపోత సామర్థ్యం, శరీర విస్తీర్ణానికి సరిచేసి లెక్కించినా, నిమిషానికి సుమారు 20 మిల్లీలీటర్లే. రెండు వారాలకు అది దాదాపు రెట్టింపై, రెండేళ్లు వచ్చేసరికి పెద్దవారి స్థాయికి చేరుతుంది. గుండె లోపంతో పుట్టిన శిశువుకు ఈ ఎదుగుదల కాలంలోనే ఆపరేషన్లు, మందులు, ఇన్‌ఫెక్షన్లు వచ్చిపడతాయి.

పిల్లల్లో గుండె వైఫల్యానికి కారణాలు కూడా వేరు. జఠరికల మధ్య పెద్ద రంధ్రం ఉన్న బిడ్డ పుట్టినప్పుడు బాగానే కనిపించి, ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు సడలే ఆరు, ఎనిమిది వారాల వయసులో ఆయాసంతో వస్తుంది. గుండె బాగానే కొట్టుకుంటుంది, కానీ రక్తం చాలావరకు ఊపిరితిత్తులకే మళ్లిపోయి, మూత్రపిండాలతో సహా మిగిలిన శరీరానికి చాలదు. కండరం జబ్బులు, వైరస్‌తో వచ్చే గుండె వాపు, ఆగకుండా అతివేగంగా కొట్టుకునే గుండె, కొన్ని క్యాన్సర్ మందులు మరికొన్ని కారణాలు.

వీటన్నిటిలో మూత్రపిండం పరంగా నేను ప్రత్యేకంగా ఆగి చెప్పదలచుకున్నది, గుండె నుంచి ఒంటికంతా రక్తం తీసుకుపోయే బృహద్ధమని ఇరుకై పుట్టిన శిశువుల గురించి. ఆ ఇరుకు సాధారణంగా చేతులకూ తలకూ పోయే కొమ్మలు దాటాక ఉంటుంది. మూత్రపిండాలు దానికి దిగువన ఉంటాయి. గర్భంలో ఉన్న ఒక చిన్న నాళం పుట్టాక కూడా కొన్నాళ్లు తెరిచి ఉండి దిగువకు రక్తం అందిస్తుంది. అది మూసుకున్న నాడు, నిన్నటిదాకా పాలు తాగిన బిడ్డ నీరసించి, బూడిదరంగుకు తిరిగి, మూత్రం పూర్తిగా ఆగిపోయి వస్తుంది. అందరూ ఇన్‌ఫెక్షన్ రక్తానికి పాకిందనుకుంటారు. తొడ దగ్గర నాడి పట్టి చూస్తే దొరకదు. ఆ నాళాన్ని తిరిగి తెరిచే ప్రోస్టాగ్లాండిన్ మందును నరంలోకి మొదలుపెట్టాక, కొద్ది గంటల్లో తొడ నాడి తిరిగి తగిలి, ఎండిపోయిన డైపర్ తడిసినప్పుడు, ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఊపిరి తిరిగి వచ్చినట్టు ఉంటుంది. తొలి వారాల్లో షాక్‌తో, అంటే రక్తప్రసరణ కుప్పకూలి, వచ్చిన ప్రతి శిశువుకూ తొడ నాడి పట్టి చూడడం పది సెకన్ల పని, దయచేసి మానకండి.

ఇక మూత్రపిండం దెబ్బతిన్నదని తెలుసుకోవడం ఎలా? అందరం నమ్ముకునేది క్రియాటినిన్. అది కండరం నుంచి వచ్చే వ్యర్థం. పిల్లల్లో కండరం తక్కువ, అందుకే అంకె చిన్నది. ల్యాబ్ రిపోర్టులో పక్కన అచ్చయి ఉండే మామూలు పరిమితి చాలాసార్లు పెద్దవాళ్లది. జార్జ్ ష్వార్ట్జ్ 2009లో సవరించి ఇచ్చిన సూత్రం ప్రకారం, బిడ్డ ఎత్తును సెంటీమీటర్లలో తీసుకుని 0.413తో గుణించి క్రియాటినిన్‌తో భాగిస్తే వడపోత సామర్థ్యం అంచనాగా వస్తుంది. 110 సెంటీమీటర్ల ఎత్తున్న బిడ్డకు క్రియాటినిన్ 0.4 అయితే సామర్థ్యం సుమారు 114. అదే బిడ్డకు 0.8 అయితే సుమారు 57. రిపోర్టులో 0.8 కింద ఎర్రగీత పడదు, ఎవరూ ఉలిక్కిపడరు, కానీ సగం వడపోత పోయింది. గుండెజబ్బుతో నెలల తరబడి చిక్కిపోయిన బిడ్డలో కండరం ఇంకా తక్కువ కాబట్టి, మూత్రపిండం చాలా చెడినా అంకె పెరగడానికి సందేహిస్తుంది. అటువంటి పిల్లల్లో కండరంతో అంతగా సంబంధం లేని సిస్టాటిన్ సి పరీక్ష మేలు. పుట్టిన తొలి రోజుల్లో శిశువు రక్తంలోని క్రియాటినిన్ తల్లి నుంచి వచ్చినదే కావచ్చునన్నది కూడా మరవకూడదు. అంకె రోజురోజుకూ మారుతున్నప్పుడు ష్వార్ట్జ్ సూత్రం పనికిరాదు. అప్పుడు చూడవలసింది దాని నడక. 48 గంటల్లో 0.3 పెరిగినా, వారం లోపల మునుపటి అంకెకు ఒకటిన్నర రెట్లయినా మూత్రపిండానికి గాయమైనట్టే లెక్క. అందుకే బిడ్డ బాగున్నప్పటి క్రియాటినిన్ ఫైలులో రాసి ఉండటం ఎంతో విలువైనది.

క్రియాటినిన్ ఆలస్యంగా నోరు విప్పుతుంది. 2005లో సిన్సినాటిలో ప్రసాద్ దేవరాజన్ బృందం, గుండె ఆపరేషన్ జరిగిన 71 మంది పిల్లల్లో ఎన్‌గాల్ అనే ప్రొటీన్‌ను మూత్రంలో కొలిచి, మూత్రపిండం దెబ్బతిన్న పిల్లల్లో అది రెండు గంటలకే పెరిగిందనీ, క్రియాటినిన్‌తో అదే సంగతి తెలియడానికి ఒకటి నుంచి మూడు రోజులు పట్టిందనీ చూపించింది. ఆ పరీక్ష అందుబాటులో ఉంటే మంచిదే. లేకపోయినా, దానికి దీటైన ముందస్తు సూచన ఒకటి ప్రతి మంచం దగ్గరా ఉంది. అది మూత్రం పరిమాణం. గంటకు, కిలో బరువుకు అర మిల్లీలీటరు కంటే తక్కువ మూత్రం ఆరు గంటలపాటు ఉంటే గాయం మొదలైందని లెక్క; చంటిపిల్లల్లో ఒక మిల్లీలీటరు కంటే తగ్గినప్పుడే మనం లేచి వెళ్లి చూడాలి. ఆరు కిలోల బిడ్డలో అర మిల్లీలీటరు లెక్కన ఆరు గంటలకు 18 మిల్లీలీటర్లు, అంటే నాలుగు టీ చెంచాలు కూడా నిండవు. "డైపర్ తడిసింది" అని రాస్తే ఈ తేడా ఎలా తెలుస్తుంది? పొడి డైపర్‌ను తూచి, తడిసినదాన్ని తూచి, తేడా ఎన్ని గ్రాములో అన్ని మిల్లీలీటర్లని రాసే నర్సు ఆ బిడ్డకు చేసే మేలు, ఖరీదైన ఏ పరీక్ష చేసే మేలుకూ తీసిపోదు. ఈ మాట నేను మర్యాద కోసం అనడం లేదు.

బరువు కూడా అంతే. రోజూ ఒకే వేళకు, ఒకే తూకం మీద, బట్టలు లేకుండా. ఒక్కరోజులో బిడ్డ 200 గ్రాములు పెరిగిందంటే అది కండ కాదు, నీరు. ఐదు కిలోల బిడ్డకు మూడు రోజుల్లో లోపలికి పోయిన ద్రవం బయటికి వచ్చినదానికంటే 600 మిల్లీలీటర్లు ఎక్కువైతే, చేరిననాటి బరువులో 12 శాతం నీరు నిలిచినట్టు. 10 శాతం దాటితే ప్రమాద సూచనగానే చూడాలి. మందులు కలిపే ద్రవం, సూదిమందు తరువాత ఎక్కించే సెలైన్, యాంటీబయాటిక్ సీసా, ఇవన్నీ చిన్న చిన్నవిగా చేరి, ఎవరూ ఇవ్వమనకుండానే బిడ్డను ముంచుతాయి.

మొదటి ప్రశ్నకు తిరిగి వస్తున్నాను. ఎండినదా, మునిగినదా? బరువు తగ్గి, కళ్లు గుంటపడి, నడినెత్తి లోతుకు పోయి, నాలుక ఎండి, కాలేయం చేతికి అందకపోతే ఎండిందనుకోవచ్చు. బరువు పెరిగి, కాలేయం దిగి, ఊపిరి వేగం పెరిగి, కనురెప్పలు ఉబ్బితే మునిగింది. చంటిబిడ్డకు మెడ పొట్టిది, సిర కనబడదు. కాలేయమే మనకు ఒత్తిడి కొలమానం. రోజూ దాని అంచును చర్మం మీద పెన్నుతో గీయడం పాత పద్ధతే, కానీ ఇప్పటికీ నేను చేయిస్తాను. సందేహం తీరకపోతే పొట్టలోని పెద్ద సిరను అల్ట్రాసౌండ్‌తో చూడండి. ఎండిందనే తేలినా, ఈ బిడ్డలకు కిలోకు 5 మిల్లీలీటర్ల చొప్పున నిదానంగా ఇచ్చి, ప్రతిసారీ కాలేయాన్నీ ఊపిరితిత్తులనూ చూసి, ఆ తరువాతే ఇంకో విడత గురించి ఆలోచించండి.

మునిగిన మూత్రపిండానికి ఫ్యూరోసమైడే ముందుమెట్టు. దాన్ని ఇచ్చాక క్రియాటినిన్ కాస్త పెరిగిందని భయపడి వెంటనే ఆపేయడం తరచుగా జరిగే పొరపాటు. బరువు దిగుతూ, కాలేయం తగ్గుతూ, ఊపిరి కుదుటపడుతూ ఉంటే క్రియాటినిన్ కొద్దిగా పెరగడం చికిత్స విఫలమైన గుర్తు కాదు. వాపు దిగకుండా క్రియాటినిన్ పెరిగితేనే భయపడాలి. అప్పుడు మోతాదు చాలలేదేమో, నోటిద్వారా ఇచ్చిన మందు ఉబ్బిన పేగుల నుంచి ఒంటికి పట్టడం లేదేమో, గుండెకే ఇంకా దన్ను కావాలేమో చూడాలి. అలాగని ఈ మందు నిరపాయకరం కాదు. ఎక్కువ కాలం వాడిన చంటిపిల్లల మూత్రపిండాల్లో సున్నం పేరుకోవచ్చు, ఎక్కువ మోతాదు వేగంగా నరానికి ఇస్తే వినికిడి దెబ్బతినవచ్చు, పొటాషియం, క్లోరైడ్ తగ్గిపోవచ్చు.

గుండె మీద పనిచేసే మందు మూత్రంలో ఫలితం చూపడం కొత్త సంగతి కాదు. 1785లో విలియం విథరింగ్ డిజిటాలిస్ ఆకు గురించి రాసినప్పుడు, నీరు పట్టిన రోగులకు మూత్రం ధారాళంగా రావడమే ఆయన గమనించిన ప్రధాన గుణం. ఆ ఆకు వంశానికే చెందిన డిగాక్సిన్‌ను ఇప్పటికీ వాడుతున్నాం. అది బయటికి పోయేది మూత్రపిండాల ద్వారానే కాబట్టి, అవి మందగించినప్పుడు మోతాదు తగ్గించకపోతే వాంతులు, నాడి నెమ్మదించడం, లయ తప్పడం వస్తాయి. మిల్రినోన్‌కూ ఇదే నియమం.

ఎనాలాప్రిల్, కాప్టోప్రిల్ వంటి మందుల గురించి తల్లిదండ్రులు కూడా వినాలి. వడపోత గుచ్ఛం నుంచి రక్తం బయటికి పోయే సన్నని నాళాన్ని యాంజియోటెన్సిన్ బిగించి, లోపల ఒత్తిడిని నిలబెడుతుంది. ఈ మందులు ఆ బిగింపును సడలిస్తాయి. గుండెకు భారం తగ్గుతుంది, వడపోత ఒత్తిడి కూడా కొంత తగ్గుతుంది. అందుకే కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూస్తాం. పొటాషియాన్ని ఒంట్లో నిలిపే మూత్రం మందు స్పైరనోలాక్టోన్ కూడా తోడైతే పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చు. ఈ మందుల మీద ఉన్న బిడ్డకు వాంతులో విరేచనాలో పట్టుకుని పాలు తాగకపోతే, మునిగిన బిడ్డ ఒక్కరోజులో ఎండిన బిడ్డ అవుతుంది. మర్నాటి దాకా ఆగకుండా అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి. మందులు తాత్కాలికంగా ఆపాలా అన్నది వారు చెబుతారు. జ్వరానికి ఐబుప్రోఫెన్ వంటి మందులు ఈ పిల్లలకు వేయకండి. మూత్రపిండానికి రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్‌ను అవి అడ్డుకుంటాయి. పారాసిటమాల్ బరువుకు తగిన మోతాదులో చాలు.

చంటిబిడ్డకు నీరు తగ్గించాలంటే పాలు తగ్గించడమన్న అర్థం తీసుకోవద్దు. ఆ బిడ్డ ఊపిరి తీయడానికే ఎక్కువ శక్తి ఖర్చుపెడుతోంది. తక్కువ పరిమాణంలో ఎక్కువ పోషణ అందేలా పాలను చిక్కపరచడం, అలసిపోతే ముక్కు గొట్టం ద్వారా పట్టడం మంచి దారి.

గుండె ఆపరేషన్ తరువాత మూత్రపిండం దెబ్బతినడం గురించి విడిగా ఒక ప్రసంగమే కావాలి. పలు అధ్యయనాల్లో మూడింట ఒక వంతు నుంచి సగం మంది పిల్లల వరకు ఏదో ఒక స్థాయిలో ఇది కనిపించింది. నవజాత శిశువుల్లో, గుండె ఊపిరితిత్తుల యంత్రం మీద ఎక్కువసేపు ఉన్నవారిలో మరింత ఎక్కువ. మందులకు మూత్రం రాకపోతే పొట్టలో సన్నని గొట్టం వేసి చేసే డయాలసిస్ చిన్నబిడ్డలకు అనువైనది. ఈ మాట వినగానే తల్లిదండ్రుల ముఖాలు పాలిపోతాయి. ఈ సందర్భంలో డయాలసిస్ అంటే మూత్రపిండాలు శాశ్వతంగా పోయాయని కాదు. నీటిని బయటికి తీసి, గుండె కోలుకునేదాకా మూత్రపిండానికి విశ్రాంతి ఇవ్వడం. చాలామంది పిల్లల్లో కొద్ది రోజుల్లో ఆ గొట్టం తీసేస్తాం. నీరు బాగా చేరాక ఆఖరి ప్రయత్నంగా చేసేకంటే, ముందే మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

కొందరికి సిరల ఒత్తిడి ఒక దశ కాదు, జీవిత విధానం. ఒకే జఠరికతో పుట్టిన పిల్లలకు ఫ్రాన్సిస్ ఫాంటాన్ 1971లో ప్రచురించిన ఆపరేషన్‌లో, శరీరం నుంచి వచ్చే సిరల రక్తం మధ్యలో పంపు లేకుండానే ఊపిరితిత్తులకు పోతుంది. ఆ ప్రవాహం సాగాలంటే సిరల్లో ఒత్తిడి ఎప్పుడూ ఎక్కువగానే ఉండాలి. వారి మూత్రపిండాలు ప్రతిరోజూ, దశాబ్దాలపాటు ఆ ఒత్తిడి కిందే పనిచేస్తాయి. బాగానే ఆడుకుంటున్నారు కదా అని వారి మూత్రంలో ప్రొటీన్ చూడటం మరిచిపోకూడదు. నీలిమతో, అంటే రక్తంలో ప్రాణవాయువు చాలక ఒళ్లు నీలంగా ఉండి, పెరిగిన పిల్లల్లో రక్తం చిక్కబడి వడపోత గుచ్ఛాలు ఉబ్బడం కూడా ఉంది. మందులతో గుండె కుదుటపడక యాంత్రిక పంపు అమర్చిన పిల్లలు చాలామందిలో మూత్రపిండాలు వారాల్లో తేరుకోవడం చూస్తాం; అవి చెడిపోలేదు, వాటికి అవకాశమే దొరకలేదని అప్పుడు తెలుస్తుంది. గుండె మార్పిడి జరిగాక కొత్త గుండెను ఒళ్లు తిరస్కరించకుండా వాడే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ మాత్రం మూత్రపిండానికి కొత్త భారం.

వార్డు నుంచి ఇంటికి పంపే రోజున రాసే కాగితంలో గుండెకు సంబంధించిన వివరాలు పూర్తిగా ఉంటాయి. ఆ బిడ్డకు ఆసుపత్రిలో మూత్రపిండం దెబ్బతిన్నదన్న సంగతి మాత్రం, క్రియాటినిన్ మామూలుకు వచ్చింది కదా అని, చాలాసార్లు అందులో ఉండదు. ఆ ఒక్క వాక్యం రాయండి. అత్యధికంగా ఎంత పెరిగిందో, ఇంటికి వెళ్లేనాడు ఎంత ఉందో రెండు అంకెలు రాయండి. మూడు నెలలకు రక్తపోటు, మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్, ఎత్తు మళ్లీ చూడాలని తేదీతో సహా రాయండి. నేను మొదట చెప్పిన తొమ్మిదేళ్ల పాప కాగితంలో ఆ వాక్యాన్ని మా పెద్ద డాక్టరుగారు నా చేతనే రాయించారు. మూడు నెలలకు తల్లి ఆ కాగితం పట్టుకుని వచ్చింది. క్రియాటినిన్ 0.5, మూత్రంలో ప్రొటీన్ లేదు, కాలేయం చేతికి అందలేదు.